క్యాన్సర్ కణం చనిపోయిందా, ఏ దారిలో చనిపోయింది: మొక్కల రసాయనాలను ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతి

మొక్క నుంచి తీసిన రసాయనం వేసి రెండు రోజులు ఆగాక ప్లేటులో క్యాన్సర్ కణాలు తగ్గినట్టు కనిపిస్తే దానికి మూడు కారణాలు ఉండొచ్చు. కణాలు నిజంగానే చనిపోయి ఉండొచ్చు. చావకుండా విభజన మాత్రమే ఆగి ఉండొచ్చు. లేదా కణాలు బాగానే ఉండి, మీరు వాడిన పరీక్షే తప్పు చెబుతూ ఉండొచ్చు. ఈ మూడింటినీ విడదీసి, చనిపోయిన కణం ఎలా చనిపోయిందో తేల్చే పని క్రమం ఇది.

ఇది కణాల కల్చర్ చేసేవాళ్ల కోసం రాసింది. ప్లేటులో కణాన్ని చంపిన పదార్థమల్లా మనిషికి మందు కాదు. చికిత్సలో ఉన్నవాళ్లు మొక్కల సారాల క్యాప్సూల్స్ ఏవైనా మొదలుపెట్టే ముందు ఆంకాలజిస్టుకు చెప్పి తీరాలి. గ్రీన్ టీలోని ఈజీసీజీ, మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్ మందుకు నేరుగా అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేయగలదని 2009లో ల్యాబ్ ప్రయోగాల్లో బయటపడింది. క్యాన్సర్ కణాలను చంపుతుందని పేరున్న పదార్థమే ఇక్కడ వాటికి రక్షణగా మారింది.

కణం చావుకు దారులు

ఎపాప్టోసిస్ అంటే కణం తనను తాను క్రమపద్ధతిలో కూల్చుకోవడం. 1972లో కెర్, విల్లీ, కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీనికి ఈ పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకులు రాలడాన్ని చెప్పే గ్రీకు మాట అది. కణం ముడుచుకుంటుంది, కేంద్రకంలోని క్రోమాటిన్ గట్టిపడి ముక్కలవుతుంది, పైపొర బుడగలు బుడగలుగా ఉబ్బుతుంది, చివరికి కణమంతా చిన్న మూటలుగా విడిపోతుంది. శరీరంలోనైతే ఆ మూటలను పక్క కణాలు మింగేస్తాయి కాబట్టి వాపు రాదు. నెక్రోసిస్‌లో జరిగేది దీనికి పూర్తిగా వేరు. అక్కడ కణం ఉబ్బి పగులుతుంది, లోపలి సరుకంతా బయట పడుతుంది.

ఎపాప్టోసిస్‌ రెండు వైపుల నుంచి మొదలవుతుంది. లోపలి దారిలో డీఎన్ఏ దెబ్బతినడం లాంటి సంకేతం అందగానే బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు మైటోకాండ్రియా బయటి పొరకు రంధ్రాలు చేస్తాయి. వాటిలోంచి సైటోక్రోమ్ సి బయటికొచ్చి అపాఫ్-1 అనే ప్రోటీన్‌తో కలుస్తుంది, ఆ కూటమి కాస్పేజ్-9 అనే, ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌ను, అది అదే రకానికి చెందిన కాస్పేజ్-3, 7లను మేల్కొలుపుతాయి. కణాన్ని కోసి ముక్కలు చేసేవి ఈ చివరి రెండే. బయటి దారిలో ఫాస్, ట్రెయిల్ లాంటి సంకేతాలు పైపొర మీది గ్రాహకాలకు తగిలి కాస్పేజ్-8ను లేపుతాయి. మైటోకాండ్రియా దగ్గర కాపలా కాసే ప్రోటీన్ బీసీఎల్-2. చాలా క్యాన్సర్లు దీన్ని పెంచుకుని, లేదా చావు సంకేతం ఇచ్చే పీ53 ప్రోటీన్‌ను పోగొట్టుకుని చావును తప్పించుకుంటాయి. ఇవి కాక ఆర్ఐపీకే3, ఎంఎల్‌కేఎల్ ప్రోటీన్లు నడిపే నెక్రాప్టోసిస్, ఇనుము సాయంతో పొరల్లోని కొవ్వు ఆక్సీకరణం చెందడం వల్ల వచ్చే ఫెరాప్టోసిస్ కూడా ఉన్నాయి. వీటిని పక్కన పెట్టి ప్రతి చావునూ ఎపాప్టోసిస్ అనేయడమే ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు.

ఏ రసాయనానికి ఎంత సమయం

బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ ట్యూబులిన్ ప్రోటీన్‌ను గొట్టాలుగా అల్లుకోనివ్వదు. యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ అల్లుకున్న గొట్టాలను విడిపోనివ్వదు. పని తీరు ఎదురెదురైనా ఫలితం ఒకటే: కణం విభజన మధ్యలో ఇరుక్కుంటుంది, చాలాసేపు అక్కడే ఆగి ఆ తర్వాత చనిపోతుంది. అందుకే 6 గంటలకు చూస్తే చావు కనపడదు. 24, 48 గంటలకు చూడాలి. కాంప్టోథెసిన్ డీఎన్ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్-1 ఎంజైమ్‌ను డీఎన్ఏ మీదే ఇరికిస్తుంది, పోడోఫిల్లోటాక్సిన్ నుంచి తయారుచేసిన ఎటోపోసైడ్ టోపోఐసోమరేజ్-2ను. ఆ ఇరుకు ముఖ్యంగా డీఎన్ఏ నకలు జరుగుతున్నప్పుడే ప్రాణాంతకమైన దెబ్బగా మారుతుంది కాబట్టి కాంప్టోథెసిన్‌కు నెమ్మదిగా పెరిగే కణాలు అంతగా లొంగవు. స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా ఇచ్చే స్టారోస్పోరిన్ మాత్రం 1 మైక్రోమోలార్ దగ్గర 3 నుంచి 6 గంటల్లోనే ఎపాప్టోసిస్ తెస్తుంది. చావు తప్పక కనిపించాల్సిన కంట్రోల్‌గా దీన్ని ప్రతి ప్రయోగంలోనూ పెట్టండి. అందులోనూ చావు కనిపించకపోతే లోపం మీ రసాయనంలో కాదు, పరీక్షలో ఉన్నట్టు.

పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిపాయల్లాంటి వాటిలో ఉండే క్వెర్సెటిన్, ఈజీసీజీల సంగతి వేరు. వీటికి ఒక్క లక్ష్యం అంటూ లేదు. పైగా ఇవి పరీక్షలనే మోసం చేస్తాయి. కింది జాగ్రత్తల్లో ఎక్కువ భాగం వీటి కోసమే.

కణాలు, స్టాకు ద్రావణం

కణాల గుర్తింపును ఎస్టీఆర్ ప్రొఫైల్ అనే డీఎన్ఏ పరీక్షతో సరిచూసుకోండి, కల్చర్లలో చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కోసం పరీక్ష చేయించండి. మైకోప్లాస్మా ఉన్న కణాలు మందుకు స్పందించే తీరే మారిపోతుంది. క్యాన్సర్ కణాల పక్కనే, అదే కణజాలం నుంచి వచ్చిన మామూలు కణాలనూ పెంచి రెండింటికీ ఒకే మోతాదులు ఇవ్వండి. రొమ్ము క్యాన్సర్ కణాలనగానే అందరి చేయీ ఎంసీఎఫ్-7 అనే రకం కణాల మీదికి వెళ్తుంది. కానీ వాటిలో కాస్పేజ్-3 లేదు. వాటిలో కాస్పేజ్-3 కోసం వెతికి, కనపడలేదు కాబట్టి ఎపాప్టోసిస్ జరగలేదని తేల్చేస్తే ఆ పనంతా వృథా.

కర్క్యుమిన్ అణుభారం 368.4. కాబట్టి 11 మిల్లీగ్రాములను 1 మిల్లీలీటరు డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తే దాదాపు 30 మిల్లీమోలార్ స్టాకు వస్తుంది. దాని నుంచి డీఎంఎస్ఓలోనే 10, 3, 1, 0.3 మిల్లీమోలార్లకు పలుచన చేసుకోండి. ప్రతిదాన్నీ 1 మిల్లీలీటరు మీడియానికి (కణాలు పెరిగే పోషక ద్రవం) 1 మైక్రోలీటరు చొప్పున కలిపితే 30 నుంచి 0.3 మైక్రోమోలార్ వరకు వరుస వస్తుంది, అన్నిటిలోనూ డీఎంఎస్ఓ సరిగ్గా 0.1 శాతమే ఉంటుంది. ఒకే స్టాకు నుంచి ఎక్కువ తక్కువ పరిమాణాలు తీసి కలిపితే పెద్ద మోతాదు వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) డీఎంఎస్ఓ కూడా పెరిగి, దాని విషాన్ని మీ రసాయనం ఖాతాలో వేసినట్టవుతుంది. కంట్రోల్ వెల్‌లోనూ 0.1 శాతం డీఎంఎస్ఓ ఉండాలి. స్టాకును చిన్న ట్యూబుల్లో పంచి, వెలుతురు తగలకుండా మైనస్ 20 డిగ్రీల్లో ఉంచండి. కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు. మీడియంలో కలిపింది అప్పటికప్పుడే వాడేయాలి. సీరం లేని తటస్థ ద్రావణంలో కర్క్యుమిన్ నిమిషాల్లోనే విరిగిపోతుంది. సీరం ఉంటే కొంత నిలుస్తుంది. సీరం శాతాన్ని ప్రయోగానికీ ప్రయోగానికీ మార్చితే ఫలితాలు కలవకపోవడానికి ఇదే కారణం.

మొదటి వడపోత: ఎంటీటీ

96 వెల్‌ల ప్లేటులో ఒక్కో వెల్‌కు 100 మైక్రోలీటర్లలో 5,000 కణాలు వేసి రాత్రంతా అంటుకోనివ్వండి. అంచు వెల్‌లు త్వరగా ఆవిరవుతాయి, వాటిలో పీబీఎస్ అనే ఉప్పు బఫర్ మాత్రమే నింపి వదిలేయండి. మర్నాడు పాత మీడియం తీసి, రసాయనం కలిపిన మీడియం 100 మైక్రోలీటర్లు వేయండి, ప్రతి మోతాదుకూ కనీసం మూడు వెల్‌లు. 48 గంటలయ్యాక మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల ఎంటీటీ ద్రావణం (బతికున్న కణాలు ఊదారంగుగా మార్చే పసుపు రంగు పదార్థం) 10 మైక్రోలీటర్లు కలిపి 3 నుంచి 4 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచండి. మీడియం జాగ్రత్తగా తీసేసి, ఊదారంగు స్ఫటికాలను 100 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఎంటీటీ కొలిచేది కణం తాలూకు జీవక్రియను, చావును కాదు. విభజన ఆగినా రీడింగ్ తగ్గుతుంది. రెండోది ఇంకా మోసకారి: క్వెర్సెటిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు కణాల ప్రమేయమే లేకుండా ఎంటీటీని ఊదారంగుగా మార్చేయగలవు. అప్పుడు చనిపోయిన వెల్ బతికున్నట్టు కనపడుతుంది. కణాలు లేకుండా మీడియం, రసాయనం, ఎంటీటీ మాత్రమే ఉన్న వెల్‌లు తప్పనిసరిగా పెట్టండి. వాటిలో రంగు వస్తే, ఎంటీటీ వేసే ముందు రసాయనాన్ని కడిగేయండి, లేదా కణం శక్తి అణువైన ఏటీపీని కొలిచే పరీక్షకు మారండి. ఈజీసీజీతో మరో చిక్కు ఉంది. అది కల్చర్ మీడియంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, కణాలను చంపేది తరచుగా ఆ పెరాక్సైడే. మీడియంలో పెరాక్సైడ్‌ను విడగొట్టే క్యాటలేజ్ ఎంజైమ్ కలిపి మళ్లీ చేయండి. చావు ఆగిపోతే మీరు చూసింది ఈజీసీజీ ప్రభావం కాదు.

అనెక్సిన్ వి, పీఐ

బతికున్న కణంలో ఫాస్ఫటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పైపొర లోపలి వైపే ఉంటుంది. ఎపాప్టోసిస్ మొదలవగానే అది బయటి వైపుకు తిరుగుతుంది, వెలిగే రంగు అతికించిన అనెక్సిన్ వి అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ప్రొపీడియం అయొడైడ్, అంటే పీఐ అనే రంగు, పొర చిరిగిన కణంలోకే వెళ్లగలదు.

ముందుగా మీడియంలో తేలుతున్న కణాలను పారబోయకుండా ట్యూబులోకి తీసుకోండి. చనిపోయిన కణాలు ఊడి తేలేది అక్కడే. వాటిని పారబోసి అంటుకున్నవాటినే లెక్కపెడితే చావు సగానికి సగం కనపడకుండా పోవచ్చు. మిగతావాటిని ట్రిప్సిన్ ఎంజైమ్‌తో వీలైనంత తక్కువసేపట్లో ఊడదీసి, తేలేవాటితో కలిపి, చల్లని పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంటే పొర దెబ్బతిని ఆరోగ్యంగా ఉన్న కణం కూడా అనెక్సిన్ పట్టుకుంటుంది. కడగడం సరిపోక ట్రిప్సిన్ ద్రావణంలో ఉండే ఈడీటీఏ మిగిలితే అది కాల్షియంను లాగేస్తుంది, కాల్షియం లేనిదే అనెక్సిన్ అతకదు. ఒక లక్ష కణాలను 100 మైక్రోలీటర్ల బైండింగ్ బఫర్‌లో కలపండి; బఫర్‌లో హెపీస్ 10, సోడియం క్లోరైడ్ 140, కాల్షియం క్లోరైడ్ 2.5 మిల్లీమోలార్లు, పీహెచ్ 7.4. అనెక్సిన్ 5, పీఐ 5 మైక్రోలీటర్లు వేసి చీకట్లో 15 నిమిషాలు ఉంచి, ఇంకో 400 మైక్రోలీటర్ల బఫర్ కలిపి గంటలోపే, ఒక్కో కణం వెలుగును కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో నడపండి.

అనెక్సిన్ ఒక్కటే పట్టుకున్న కణాలు ఎపాప్టోసిస్ తొలిదశలో ఉన్నట్టు. రెండూ పట్టుకున్నవి ఎపాప్టోసిస్ చివర్లో ఉండొచ్చు, నేరుగా పగిలినవీ కావచ్చు. ఒక్క రీడింగ్‌తో చెప్పలేం. అందుకే 6, 12, 24, 48 గంటలకు చూడాలి. కణాలు ముందు అనెక్సిన్ గడిలోకి, ఆ తర్వాతే రెండూ ఉన్న గడిలోకి జరుగుతూ ఉంటే అది ఎపాప్టోసిస్ నడక. కర్క్యుమిన్ తానే ఆకుపచ్చగా వెలుగుతుంది కాబట్టి ఎఫ్ఐటీసీ అనే ఆకుపచ్చ రంగు అతికించిన అనెక్సిన్ వాడితే ప్రతి కణమూ చస్తున్నట్టే కనపడుతుంది. రంగు ఏదీ వేయకుండా రసాయనం ఒక్కటే తగిలిన కణాలను ముందు నడిపి చూడండి, వెలుగు ఉంటే దూరపు ఎరుపులో వెలిగే అనెక్సిన్ తీసుకోండి.

కాస్పేజ్ రుజువు

ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి చూపే వెస్టర్న్ బ్లాట్‌లో లేన్‌కు 20 నుంచి 30 మైక్రోగ్రాముల ప్రోటీన్ వేసి రెండు గుర్తులు వెతకండి: పార్ప్ అనే డీఎన్ఏ మరమ్మతు ప్రోటీన్ 116 కిలోడాల్టన్ల నుంచి 89కి తెగడం, కాస్పేజ్-3 తెగిన ముక్కలు 17, 19 దగ్గర రావడం. ఇక్కడ కూడా తేలే కణాలను కలుపుకోవాలి.

దీనికంటే బలమైనది నిరోధకాల పరీక్ష. రసాయనానికి గంట ముందు కాస్పేజ్‌లను ఆపే జెడ్-వ్యాడ్-ఎఫ్ఎంకే 20 మైక్రోమోలార్ వేయండి. కణాలు బతికితే చావు కాస్పేజ్‌ల వల్లే. బతకకపోతే నెక్రాప్టోసిస్‌ను ఆపే నెక్రోస్టాటిన్-1, ఫెరాప్టోసిస్‌ను ఆపే ఫెరోస్టాటిన్-1లను విడివిడిగా ప్రయత్నించండి. ఏది కాపాడితే దారి అటు ఉన్నట్టు. జెడ్-వ్యాడ్ వేశాక చావు పెరిగినా కంగారుపడొద్దు. కాస్పేజ్-8 ఆగితే కొన్ని కణాలు నెక్రాప్టోసిస్ వైపు మళ్లుతాయి, అది కూడా సమాచారమే.

కణాలు కోలుకోలేదని తేల్చేది మాత్రం కాలనీ పరీక్ష. రసాయనంలో 24 గంటలు ఉంచి, కడిగి, వెల్‌కు 500 కణాలు వేసి 10 నుంచి 14 రోజులు కదపకుండా పెంచండి. 0.5 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేసి 50 కణాలకు తగ్గని కాలనీలను లెక్కపెట్టండి. అనెక్సిన్‌లో 40 శాతం చావు చూపించిన మోతాదుకు ఇక్కడ కాలనీలు కంట్రోల్‌తో సమానంగా వస్తే మిగిలినవి తేరుకుని పెరిగాయన్నమాట.

మోతాదు విషయం రాతలో దాచొద్దు. రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ మింగిన మనుషుల రక్తంలో కనిపించింది సుమారు 2 మైక్రోమోలార్లే. మీ కణాలు 30 మైక్రోమోలార్ దగ్గర చనిపోయి 3 దగ్గర బతికితే ఆ రెండు అంకెలనూ, మామూలు కణాలు ఎక్కడ చనిపోయాయో ఆ అంకెనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టండి.