బోరు నీళ్లలో ఉడకని కందిపప్పు

విజయనగరంలో మేం అద్దెకు దిగిన ఇంట్లో బోరు నీళ్లే, గిన్నెల మీద తెల్లటి చారలు కట్టే రకం. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉండేది, కొట్టు మార్చి తెచ్చినా అంతే. అసలు గొడవ నీళ్లది. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పులో కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పట్టేసి మెత్తబడనివ్వవు. ఇప్పుడు పప్పుకి మాత్రం తాగే క్యాన్ నీళ్లే పోసి, అరగంట నానబెట్టి, కాస్త పసుపు, చుక్క నూనె వేసి నాలుగు విజిల్స్ రానిస్తున్నా, వేలితో నొక్కితే వెన్నలా అణిగిపోతోంది. క్యాన్ అయిపోతే బోరు నీళ్లలోనే చిటికెడు వంటసోడా వేస్తా, ఎక్కువైతే మాత్రం సబ్బు వాసనే! మామిడికాయ, గోంగూర, చింతపండు ఏదైనా సరే పప్పు ఉడికాకే కలపండి, పులుపు ముందే పడితే మంచినీళ్లలో కూడా పలుకు ఉండిపోతుంది.