టాయ్ స్టోరీ అభిమానుల సైట్: మేం నడిపే పద్ధతి

అభిమానుల సైట్ పెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందుగా డిజైన్ గురించే అడుగుతుంటారు. ఏ రంగులు, ఏ ఫాంట్లు, ఏ సాఫ్ట్‌వేర్ అని. అవన్నీ తర్వాత తేలిగ్గా తేలిపోతాయి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ సైట్‌లో తప్ప ఇంకెక్కడా సరిగ్గా దొరకని విషయం ఏం పెడతారు?

నటీనటుల జాబితా, కథాసంగ్రహం, పోస్టర్లు ఇప్పటికే వంద చోట్ల ఉన్నాయి. కొత్త సినిమా కబుర్లలో పెద్ద వార్తా సైట్లతో పోటీ పడలేం, పడాల్సిన పనీ లేదు. ఒక చిన్న మూల పట్టుకోండి. దాన్ని ఎవరూ పట్టించుకోనంత లోతుగా పట్టించుకోండి.

మాది టాయ్ స్టోరీ సైట్. 1995 నవంబరు 22న మొదటి సినిమా విడుదలైంది. పూర్తి నిడివితో మొత్తం కంప్యూటర్ మీదే తయారైన తొలి యానిమేషన్ సినిమా అదే. తర్వాత 1999, 2010, 2019లలో మరో మూడు వచ్చాయి. మధ్యలో పొట్టి సినిమాలు, టీవీ స్పెషల్స్ సరేసరి. వీటన్నిటిలో మేం పట్టుకున్న మూల తెర మీద కనిపించే వస్తువులు. గోడకు అంటించిన కాగితం, షెల్ఫ్‌లో పుస్తకాలు, కార్ల నంబర్ ప్లేట్లు, కౌబాయ్ బొమ్మ వూడీ బూటు అడుగున రాసిన పేరు. ఏది ఏ సినిమాలో ఎక్కడ కనిపిస్తుంది, తర్వాతి సినిమాకి ఏం మారింది అన్నదే మా పని. బొమ్మల కథ కాబట్టి ప్రతి గదీ వస్తువులతో నిండి ఉంటుంది. యానిమేషన్‌లో ఏ వస్తువూ దానంతటది తెర మీదకి రాదు. ఎవరో ఒకరు కూర్చుని తయారు చేసి, కావాలని అక్కడ పెట్టిందే. ఆ చేతి పనిని గుర్తించి నమోదు చేయడం కన్నా మంచి అభిమానం నాకు తెలీదు.

ఒక ఎంట్రీ ఎలా రాయాలి

సైట్ ప్రాణమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

రెండో సినిమాలో వూడీని బాగుచేయడానికి ఓ ముసలాయన పెట్టె పట్టుకుని వస్తాడు. చిరిగిన చేతిని కుడతాడు, బుగ్గలకు రంగు అద్దుతాడు, బూటు అడుగున ఆ బొమ్మ సొంతదారైన పిల్లవాడు ఆండీ రాసుకున్న పేరు మీద రంగు పూసేస్తాడు. ఆ పేరులో ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది, చిన్నపిల్లవాడి రాత కదా. ఈ ముసలాయన ఎవరో కాదు, 1997 నాటి గెరీస్ గేమ్ అనే పొట్టి సినిమాలో తనతో తానే చదరంగం ఆడుకునే గెరీ. అతని పెట్టెలో ఒక సొరుగు నిండా చదరంగం పావులు కూడా ఉంటాయి.

దీన్ని ‘గెరీ రెండో సినిమాలో కనిపిస్తాడు’ అని ఒక్క ముక్కలో రాసేసి ఊరుకోవచ్చు. మేం అలా రాయం. ఏ సినిమా, ఏ ఎడిషన్, ఏ నిమిషం ఏ సెకను దగ్గర, ఫ్రేములో ఏ వైపు, ఎంతసేపు కనిపిస్తుంది అని రాస్తాం. చదివినవాళ్లు మమ్మల్ని నమ్మక్కర్లేదు, అక్కడికి వెళ్లి చూసుకోవచ్చు. ఎంట్రీ రాయడంలో నేను పాటించే నియమం అదే.

ఎడిషన్ ఎందుకు రాయాలో చెబుతాను. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. యూరప్‌తో సహా చాలా దేశాల్లో అమ్మిన పాల్ పద్ధతి డీవీడీలు సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. దాదాపు నాలుగు శాతం వేగం ఎక్కువ. 81 నిమిషాల మొదటి సినిమా ఆ డీవీడీలో 78 నిమిషాల లోపే అయిపోతుంది. బ్లూరేలో సరిగ్గా గంట దగ్గర ఉన్న షాట్ అందులో 57 నిమిషాల 36 సెకన్లకే వచ్చేస్తుంది. ఎడిషన్ చెప్పకుండా సమయం మాత్రం ఇస్తే సగం మందికి అది దొరకదు, మీరు తప్పు రాశారనుకుంటారు. మేం బ్లూరేని ప్రమాణంగా పెట్టుకుని, ఆ మాట సైట్‌లో స్పష్టంగా రాసి పెట్టాం.

సమయమే కాదు, తెర మీద కనిపించేది కూడా మారుతుంది. రెండో సినిమాలో వ్యోమగామి బొమ్మ బజ్ మిగతా బొమ్మలకు ధైర్యం చెబుతూ ప్రసంగిస్తాడు. అమెరికాలో చూసినవాళ్లకు అతని వెనక అమెరికా జెండా కనిపిస్తుంది, ఆ దేశ జాతీయ గీతం వినిపిస్తుంది. బయటి దేశాల కోసం చేసిన కాపీలో జెండా బదులు తిరిగే భూగోళం, బాణసంచా ఉంటాయి. సంగీతం కూడా వేరు, ఈ సినిమాల సంగీత దర్శకుడు రాండీ న్యూమన్ దానికోసం విడిగా కట్టింది. అదే సినిమా చివర వచ్చే ‘షూటింగ్ పొరపాట్ల’ ముక్కల్లో స్టింకీ పీట్ అనే బొమ్మ ఉన్న ఒకదాన్ని 2019లో వచ్చిన హోమ్ వీడియో ఎడిషన్ల నుంచి తీసేశారు. ‘నేను చూశాను, జెండా లేదు’ అని ఒకరు, ‘ఉంది’ అని ఇంకొకరు వాదించుకుంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ ఇద్దరికీ ఒకే పేజీలో జవాబు దొరకాలి.

ఇక నమ్మకం సంగతి. ప్రతి ఎంట్రీకి మేం మూడు ముద్రల్లో ఒకటి వేస్తాం: ‘తెర మీద ఉంది’, ‘తీసినవాళ్లు చెప్పారు’, ‘అభిమానుల ఊహ’. ఆండీ వాళ్ల అమ్మ కారు నంబర్ ప్లేటు మీద ఏ113 అని ఉంటుంది. అది తెర మీద ఉంది. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో యానిమేషన్ విద్యార్థులు చదువుకున్న గది నంబరు అదని, మొదటి సినిమా దర్శకుడు జాన్ లాసెటర్ లాంటివాళ్లు అక్కడి నుంచే వచ్చారని తీసినవాళ్లే చెప్పారు. రెండో సినిమాలో తన బొమ్మ జెస్సీని వదిలేసిన ఎమిలీయే ఆండీ వాళ్ల అమ్మ అన్నది మాత్రం అభిమానుల ఊహ. నాకు ఆ ఊహ ఎంతో ఇష్టం, అయినా ముద్ర మార్చను.

చివర పడే పేర్లను కూడా ఆధారంగా వాడుకోండి. మూడో సినిమాలో పుర్రె బొమ్మ ఉన్న టీషర్టుతో చెత్త బండి దగ్గర కనిపించే కుర్రాడు మొదటి సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే సిడ్డేనా అని ఎవరైనా అడిగితే టీషర్టు ఒక్కటే చూపించక్కర్లేదు. టైటిల్స్‌లో సిడ్ పేరు, దాని ఎదురుగా మొదటి సినిమాలో గొంతిచ్చిన ఎరిక్ వాన్ డెటెన్ పేరు ఉన్నాయి. స్లింకీ కుక్కకు గొంతిచ్చిన జిమ్ వార్నీ 2000లో పోయాక, మూడో సినిమా నుంచి బ్లేక్ క్లార్క్ చెప్పారన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

ఎక్కువసార్లు చెప్పుకున్న కథల దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. రెండో సినిమా తయారవుతుండగా 1998లో ఎవరో ఇచ్చిన ఒక కమాండ్‌తో ఫైళ్లు పోవడం, బ్యాకప్ పనిచేయకపోవడం, ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ కంప్యూటర్‌లో ఉన్న కాపీతో గట్టెక్కడం నిజంగా జరిగింది. అయితే ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది ‘మనం ఇప్పుడు చూస్తున్న సినిమాని ఆ కాపీయే కాపాడింది’ అని ముగిస్తారు. ఆ తర్వాత కథను చాలావరకు తిరగరాసి, దాదాపు తొమ్మిది నెలల్లో సినిమాను మళ్లీ చేశారన్న ముక్క వదిలేస్తారు. అది కూడా కలిపి రాస్తేనే ఆ మనుషుల కష్టం పూర్తిగా అర్థమవుతుంది.

పేరు, డొమైన్, హక్కులు

సినిమా పేరునే డొమైన్‌గా, అంటే సైట్ చిరునామాగా, పెట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. అది ట్రేడ్‌మార్క్. డొమైన్ తగాదాల కోసం, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ (ICANN) సంస్థ 1999 నుంచి ఒక విధానం నడుపుతోంది. మీరు దురుద్దేశంతో తీసుకున్నారని చూపించగలిగితే ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లు కోర్టు గడప తొక్కకుండానే డొమైన్ తీసేసుకోవచ్చు. మీ ఉద్దేశం మంచిదే అయినా ఆ టెన్షన్ ఎందుకు? సొంత పేరు పెట్టుకోండి. ప్రతి పేజీ అడుగున ఇది అభిమానులు నడిపే సైట్ అని, ఈ సినిమాల వెనకున్న డిస్నీతో గానీ పిక్సార్‌తో గానీ సంబంధం లేదని రాయండి. ఆ వాక్యం రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. వాళ్ల లోగో వాడకండి, టీషర్టులు అమ్మకండి.

డొమైన్ గడువు ఒక్కసారి దాటితే చాలు, దాన్ని కొనడానికి కాచుక్కూర్చున్నవాళ్లు ఉంటారు. మీ పాత లింకులన్నీ ఏ జూదం సైట్‌కో వెళ్తాయి. ఆటో రెన్యువల్ పెట్టండి, కార్డు గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసుకోండి, గుర్తు చేసే మెయిల్ కనీసం ఇద్దరికి వెళ్లేలా చూడండి.

స్క్రీన్‌షాట్ల విషయంలో చట్టం దేశానికో రకంగా ఉంటుంది. మేం పాటించే నియమం సులువైనది: మాటల్లో చెప్పలేని వివరం ఉన్నప్పుడే బొమ్మ. అది కూడా ఆ వివరం ఉన్న భాగం వరకే కత్తిరించి, పక్కనే మా వ్యాఖ్య రాస్తాం. సినిమా ముక్కలు, పాటలు, లీకైన బొమ్మలు ఎప్పుడూ పెట్టం. బొమ్మ తీసేయమని మెయిల్ వస్తే ముందు బొమ్మ తీసేయండి, తర్వాత ఆ మెయిల్ నిజంగా హక్కుదారు దగ్గర్నుంచే వచ్చిందో లేదో చూసుకోండి. అభిమానులు గీసిన బొమ్మలకు కూడా ఇదే మర్యాద దక్కాలి. గీసినవాళ్లను అడిగి, ఒప్పుకున్న మాటను దాచుకుని, పేరుతో సహా పెట్టండి.

స్క్రీన్‌షాట్ తీసేవాళ్లకు ఇంకో మాట. వెలుగు, రంగుల తేడాలు మరింత ఎక్కువగా చూపే 4కే హెచ్‌డీఆర్ ఎడిషన్ నుంచి నేరుగా తీస్తే రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి. మామూలు బ్లూరే నుంచి తీయండి. మొదటి మూడు సినిమాల ఫ్రేము 1.85:1, నాలుగోది వెడల్పైన 2.39:1. అన్నిటినీ ఒకే కొలతకు కత్తిరిస్తే నాలుగో సినిమాలో అంచుల దగ్గరున్న వస్తువులు పోతాయి. అందులోని యాంటిక్ (పాత వస్తువుల) షాపులో చూడాల్సినవి చాలావరకు అంచుల్లోనే ఉంటాయి! చివరగా, ప్రతి బొమ్మకూ వివరణ వాక్యం రాయండి. చూపులేని అభిమానులు కూడా ఈ సినిమాలను ప్రేమిస్తారు, వాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది ఆ వాక్యాన్నే.

సాఫ్ట్‌వేర్

ఇద్దరు ముగ్గురే రాస్తుంటే స్టాటిక్ సైట్, అంటే ముందే తయారుచేసిన పేజీలను ఉన్నవి ఉన్నట్టు చూపించే సైట్ చాలు. చవక, వేగం, హ్యాక్ అయ్యే భయం తక్కువ. రాసేవాళ్లు ఎక్కువైతే వర్డ్‌ప్రెస్. ఎవరైనా మార్చేలా కావాలంటే వికీపీడియా వాడే మీడియావికీ, కానీ స్పామ్ ఏరడానికి రోజూ ఎవరో ఒకరు ఉండాలి. దేనితో కట్టినా పేజీ చిరునామా ఒకసారి పెట్టాక మార్చకండి. తప్పనిసరైతే పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్లించండి.

వచ్చేవాళ్లు

ఈ సినిమాల సైట్‌కి పిల్లలు వస్తారు. ఇది ఎప్పుడూ మనసులో ఉండాలి. అమెరికాలో 13 ఏళ్ల లోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో సేకరించడం మీద 1998 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ఇతర దేశాల్లోనూ ఇలాంటి నియమాలు ఉన్నాయి. అన్నిటికన్నా క్షేమమైన దారి అసలేమీ సేకరించకపోవడం. మా సైట్‌లో ఖాతాలు లేవు, వెంటాడే ప్రకటనలు లేవు. పిల్లల ఫొటోలు ఎంత ముద్దుగా ఉన్నా పెట్టం. హోస్టింగ్ ఖర్చు మేమే పంచుకుంటాం.

పొరపాటు ఎత్తిచూపినవాళ్లకు జవాబు ఇవ్వండి, సరిదిద్దండి, వాళ్లు కోరుకున్న పేరు ఆ ఎంట్రీ కింద రాయండి. కొత్త వస్తువు కనిపెట్టినవాళ్లకూ అంతే. అభిమానుల లోకంలో జీతాలు ఉండవు, దక్కాల్సింది ఈ గుర్తింపే.

మూడో సినిమా ముగింపు తర్వాత నాలుగోది తీయాల్సింది కాదని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు నాలుగోది కూడా ప్రాణం. ఇద్దరికీ చోటుంది. ‘నాకెందుకు నచ్చలేదంటే’ అని ఎంతైనా రాయొచ్చు. పనిచేసిన ఆర్టిస్టుల మీద వ్యక్తిగతంగా పడితే మాత్రం ఆ రాత మా దగ్గర ఉండదు. కొత్త సినిమా విడుదలైతే మొదటి నెల దాని ఎంట్రీలన్నీ మూసి ఉంచుతాం, కావాలని నొక్కితేనే తెరుచుకుంటాయి. పేజీ శీర్షికలో కూడా గుట్టు బయటపడకూడదు, ఎందుకంటే సెర్చ్‌లో ముందు కనిపించేది శీర్షికే.

దాచడం

2009లో యాహూ, జనం ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునే జియోసిటీస్‌ను మూసేసినప్పుడు లెక్కలేనన్ని అభిమానుల పేజీలు పోయాయి. కొందరు ముందే మేలుకుని కాపీలు తీసి పెట్టబట్టి కొంతైనా మిగిలింది. 2020 చివర్లో, బ్రౌజర్లలో ఆటలు నడిపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆగిపోయాక, సినిమాల ప్రచారం కోసం చేసిన చిన్న చిన్న ఆటలు బ్రౌజర్లలో నడవడం మానేశాయి. ఫ్లాష్‌పాయింట్ ఆర్కైవ్ లాంటి చోట్ల కొన్ని ఇంకా బతికున్నాయి. అందుకే ఏ ఇంటర్వ్యూకి లింకు ఇచ్చినా అదే రోజు ఆ పేజీని, వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి, ఆ రెండో లింకు కూడా పక్కన పెడతాం.

మన సొంత సైట్‌కి మూడు కాపీలు ఉండాలి. రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటికి దూరంగా. ఇంతవరకు అందరూ చెబుతారు. అసలు పని తర్వాతిది: అప్పుడప్పుడు ఒక కాపీ తీసుకుని ఖాళీ కంప్యూటర్‌లో సైట్‌ను మొదటి నుంచి లేపి చూడండి. బొమ్మలన్నీ వచ్చాయా, లింకులు పనిచేస్తున్నాయా, అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయా చూసుకోండి.

ఇంకొకటి, మీకు తీరిక లేని కాలం వస్తే సైట్ చూసుకునేదెవరో ముందే అనుకోండి. మా ఫోల్డర్‌లో ‘ముందు ఇది చదవండి’ అని ఒక ఫైల్ ఉంటుంది. డొమైన్ ఎక్కడ కొన్నాం, హోస్టింగ్ బిల్లు ఎప్పుడు వస్తుంది, కాపీలు ఎక్కడున్నాయి, ఎవరి బొమ్మకు ఏ షరతు మీద అనుమతి ఉంది, ఏ ఎంట్రీలు ఇంకా సరిచూడలేదు అన్నవన్నీ అందులో ఉంటాయి. పాస్‌వర్డ్‌లు అందులో రాయం, అవి సైట్ నడిపే మా ముగ్గురికీ అందే పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంటాయి. వీటిలో ఏది మారినా, మారిన రోజే ఆ ఫైల్ దిద్దుతాం.