పీటీటీ నొక్కగానే రేడియో ఆరిపోతోందా? సప్లైని తిట్టే ముందు ఇది చూడండి

పాత సర్వర్‌లోంచి తీసిన 12 వోల్టుల సప్లైకి హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) హ్యామ్ రేడియో కలిపారు. వినడం బాగానే ఉంది. మైకు మీది పీటీటీ బటన్ నొక్కి మాట్లాడగానే డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది.

అప్పుడు సప్లై మీద లైటు చూడండి. అది ఆకుపచ్చగానే ఉంటే సప్లై తప్పేమీ లేదు. 50 ఆంపియర్ల సప్లై, 100 వాట్ల రేడియో అడిగే 20, 22 ఆంపియర్లకు చతికిలపడదు. అందరూ సప్లై దగ్గర, అదీ ట్రాన్స్‌మిట్ చేయకుండా కొలిచి "12.2 ఉంది కదా" అంటారు. కొలవాల్సింది రేడియో వెనక ప్లగ్గు దగ్గర, ట్రాన్స్‌మిట్ చేస్తుండగా. గొంతును బట్టి పవరు పెరిగి తగ్గే ఎస్ఎస్‌బీ పద్ధతిలో మాట్లాడితే మీటరు ఆ తగ్గుదలను అందుకోలేదు. యాంటెన్నాకు బదులు డమ్మీ లోడ్ (పవరును వేడిగా మార్చే రెసిస్టరు) పెట్టి, పవరు నిలకడగా ఉండే ఎఫ్ఎంలో పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

చాలా రేడియోలు 13.8 వోల్టులకు 15 శాతం అటూ ఇటూగా తయారవుతాయి. అంటే 11.7 దాకానే భరోసా. 13.8 సప్లైతో దారిలో ఒకటిన్నర వోల్టు పోయినా మనకు తెలియదు. ఇక్కడ బయలుదేరేదే 12.2, చేతిలో ఉన్నది అర వోల్టు. రెండు మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ (చదరపు మి.మీ.) వైరు వేస్తే, 20 ఆంపియర్ల దగ్గర రానూపోనూ 0.6 వోల్టు అందులోనే పోతుంది. 6 స్క్వేర్ అయితే పావు వోల్టు.

మందం వైరు వేసినా ఆరిపోతుంటే ఫ్యూజ్ హోల్డరు చూడండి. నన్ను బాగా ఏడిపించింది ఇదే. మైపాడు వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక మిత్రుడి ఇంట్లో రెండు సాయంత్రాలు పోయాయి. మూడు సప్లైలు మార్చాం, వైరు మార్చాం. చివరికి వైరు సర్దుతుంటే హోల్డరు చేతికి చురుక్కుమంది. విప్పితే ఫ్యూజు బాగానే ఉంది. అది కూర్చునే రేకుల మీద మాత్రం పచ్చగా చిలుము, ఒక పక్క ప్లాస్టిక్ మెత్తబడింది. మీటరుతో కంటిన్యుటీ (దారి తెగిందా లేదా) చూస్తే ఎప్పుడూ బీప్ వచ్చేది, అందుకే మోసపోయాం. ఉప్పుగాలి తగిలే చోట, నెల్లూరైనా కొత్తపట్నమైనా, ముందు ఇదే చూడండి.

పట్టుకునే పద్ధతి: ట్రాన్స్‌మిట్ చేస్తూ మీటరు ముళ్లు రెండూ హోల్డరుకు చెరోవైపు పెట్టండి. 0.1 వోల్టు దాటితే హోల్డరు మార్చండి, గీకి సరిపెట్టొద్దు. కొత్త లగ్గులు (వైరు చివర తొడిగే లోహపు కొనలు) గట్టిగా క్రింప్ చేయండి. నెగటివ్ వైరులోనూ ఫ్యూజు ఉంటే అదీ కొలవండి. ఫ్యూజు తీసేసి నేరుగా మాత్రం కలపొద్దు. షార్టయితే తీగ కాలిపోయేంత కరెంటు ఈ సప్లై ఇస్తుంది.

సప్లైయే ఆగిపోతుంటే, అదీ కొన్ని ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలోనే అయితే, సప్లైని ఆన్ చేసే పిన్ను వైరులోకి ఆర్ఎఫ్ (రేడియో పంపే తరంగాల శక్తి) దూరుతోంది. ఆ వైరు పొట్టిగా కత్తిరించి, 0.01 మైక్రోఫారాడ్ కెపాసిటర్ గ్రౌండుకు వేయండి. అసలు ఆనే కాకపోతే మీ మోడల్ పిన్నులు సరిచూడండి, ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటాయి. రిసీవ్‌లో బుసబుస వస్తే వైరుకు ఫెరైట్ రింగు తగిలించండి.

24 వోల్టుల కోసం రెండు సప్లైలు సిరీస్‌లో పెట్టొద్దు, నెగటివ్ బాడీకి, బాడీ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. సప్లై లోపలి భాగాలు చెడడం అరుదు. అయినా మూత తీయకండి, లోపలి కెపాసిటర్‌లో 400 వోల్టులకు దగ్గరగా ఉంటుంది.