తాబేళ్ల నడకకు వెళ్లే ముందు జాగ్రత్తలు

చెన్నైలో చదువుకునే మన పిల్లలు సేవ చేయాలనుకుంటే ముందుగా ఈ పనినే చెబుతాను. నీలాంకరై, బెసంట్ నగర్ తీరంలో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల గుడ్లను కాపాడే విద్యార్థుల బృందం 1988 నుంచి పనిచేస్తోంది. జనవరి నుంచి గూళ్లు వెతుకుతూ తీరం వెంట రాత్రిపూట నడకలు మొదలవుతాయి.

• హాస్టల్ వార్డెన్ అనుమతి కాగితం మీద తీసుకోండి. నడక ముగిసేసరికి తెల్లవారుజాము అవుతుంది, తిరిగి వచ్చే దారి ముందే చూసుకోండి. మర్నాడు పరీక్ష ఉంటే మాత్రం వెళ్లకండి.

• టార్చి, ఫోను ఫ్లాష్ అసలే వద్దు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తల్లి వెలుతురు పడితే వెనుదిరిగిపోతుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన తాబేలు పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. సముద్రం అనుకుని వీధిదీపాల వైపు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకుంటాయి. ఫొటో కోసం ఆ ప్రాణాలతో ఆడుకోకండి.

• గూడు కనిపిస్తే ఆగి బృందంలోని పెద్దవాళ్లను పిలవండి. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు ఉంటాయి. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి, శిక్షణ పొందినవారే తరలించాలి.

• గట్టి చెప్పులు, నీళ్ల సీసా. ఇసుకలో గాజు పెంకులుంటాయి.

• తీరంలోని జాలర్లతో మర్యాదగా మాట్లాడండి, రెండు తమిళ మాటలైనా నేర్చుకుని వెళ్లండి.