టికెట్ కొనే ముందు స్టాంపు సంగతి చూడండి

నా పాస్‌పోర్టులో హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) స్టాంపు గడువు తీరి ఏడాది దాటినా అమెరికాలో నిశ్చింతగా ఉద్యోగం చేసుకున్నాను. స్టాంపు దేశంలోకి అడుగుపెట్టడానికే; అక్కడ ఉండడానికి ఆధారం ఐ-94, అంటే ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు. చిక్కంతా బయటికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడే.

అప్పుడు కొత్త స్టాంపు కావాలి. అందుకే ముందు అమెరికా కాన్సులేట్‌లో వీసా అపాయింట్‌మెంట్, తర్వాతే విమానం టికెట్. నేను ఈ వరుస తిరగేసి, టికెట్ రెండుసార్లు మార్చుకున్నాను. ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చేసి వచ్చే వెసులుబాటు 2025 సెప్టెంబరు నుంచి మనలో చాలామందికి లేదు.

ఆన్‌లైన్ వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం తెరవగానే కనిపించే దరఖాస్తు సంఖ్యను కాగితం మీద రాసుకోండి. కాసేపు కదలకుండా వదిలేస్తే ఆ పేజీ మూసుకుపోతుంది. పాత ఉద్యోగాల తేదీలు వెతుకుతూ నేను అలాగే ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఫీజు 205 డాలర్లు. ఇంటర్వ్యూకు ఫారం నిర్ధారణ పేజీ, ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం), ఇటీవలి జీతం స్లిప్పులు, కంపెనీ లేఖ, పాత పాస్‌పోర్టులు పట్టుకెళ్లండి.

కెనడాకో మెక్సికోకో 30 రోజుల్లోపు వెళ్లివచ్చేవారు, ఐ-94 చెల్లుబాటులో ఉంటే, సాధారణంగా పాత స్టాంపుతోనే తిరిగి రావచ్చు. అయితే ఆ ప్రయాణంలో కొత్త వీసాకు దరఖాస్తు చేశారా, ఈ సౌకర్యం పోయినట్టే.

తిరిగి రాగానే కొత్త ఐ-94ను ఆన్‌లైన్‌లో చూసుకోండి. హెచ్1బీ ఆమోదం గడువు కన్నా పాస్‌పోర్టు గడువు ముందే తీరేట్టుంటే ఐ-94ను ఆ తేదీకే కుదించే అవకాశం ఉంది.