డాక్ పెట్టినా రెండో మానిటర్ రావడం లేదా?

గుంటూరు బ్రాడీపేటలో ఏ ఆడిటర్ ఆఫీసుకి వెళ్ళినా ఇప్పుడు ఒక్క స్క్రీన్‌తో పని నడవడం లేదు. ఒకదాంట్లో ట్యాలీ, ఇంకోదాంట్లో జీఎస్టీ పోర్టల్, ల్యాప్‌టాప్ మీద ఎక్సెల్. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ బల్ల కూడా అంతే. సరిగ్గా 20వ తేదీ దగ్గరపడి, జీఎస్టీ 3బి రిటర్న్ ఫైలింగ్ హడావుడిలో ఉన్నప్పుడు రెండో మానిటర్ నల్లబడుతుంది. "డాక్ కాలిపోయిందండీ, కొత్తది ఎంతలో వస్తుంది?" అని ఫోన్. డాక్ అంటే ల్యాప్‌టాప్‌కి ఒక్క టైప్-సి వైరుతో తగిలించి, మానిటర్లూ మౌస్ లాంటివన్నీ పెట్టుకునే డబ్బా. అది నిజంగా కాలిపోవడం చాలా తక్కువ. కొనేముందు కింద ఉన్నవి చూడండి, అదీ ఈ వరసలోనే.

ఏ మానిటరూ రావడం లేదు

డాక్‌కి సొంత అడాప్టర్ ఉంటే దాని లైటు వెలుగుతోందా? ఇది అడిగితే కోపం వస్తుంది గానీ, చూడకుండానే "వెలుగుతోంది" అనేస్తారు. మన ఇళ్ళలో ఇన్వర్టర్ లైను చాలావరకు ఫ్యాన్లకీ లైట్లకే ఉంటుంది. అడాప్టర్ ఇన్వర్టర్ లేని సాకెట్లో ఉంటే, కరెంటు పోగానే డాక్ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కరెంటు వచ్చాక కూడా డాక్ మొద్దుబారిపోయి ఉండొచ్చు. అడాప్టర్ పిన్ను, ల్యాప్‌టాప్‌కి వెళ్ళే వైరు రెండూ తీసేసి, ఓ అర నిమిషం ఆగి, ముందు అడాప్టర్, తర్వాత ల్యాప్‌టాప్ పెట్టండి. చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి.

లైటు ఉంది, మౌస్ పనిచేస్తోంది, ఛార్జింగ్ కూడా ఎక్కుతోంది, బొమ్మ మాత్రం లేదు అంటే మూడు అనుమానాలు. ఒకటి, డాక్‌తో వచ్చిన వైరు ఎక్కడో పెట్టేసి ఫోన్ ఛార్జర్ టైప్-సి వైరు తగిలించారు. అందులో చాలావాటికి వీడియో మోసే తీగలే ఉండవు. రెండు, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ టైప్-సి పోర్టుకే వీడియో లేదు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో లేకపోతే మీ మోడల్ వివరాలు ఒకసారి చూసుకోండి. మూడు, అది డిస్‌ప్లేలింక్ రకం డాక్, అంటే బొమ్మని మామూలు యూఎస్‌బీ డేటాగా మార్చి పంపేది. దానికి డ్రైవర్ వేస్తే తప్ప స్క్రీన్లు లేవవు. సిస్టమ్ ఫార్మాట్ కొట్టించిన మర్నాడు మానిటర్లు రావడం లేదంటే నేను మొదట అడిగేది ఇదే.

మానిటర్ మీద సోర్స్ బటన్ నొక్కి సరైన హెచ్‌డీఎంఐలో ఉందో లేదో చూశారనే అనుకుంటున్నాను.

రెండిట్లోనూ ఒకే బొమ్మ వస్తోంది

విండోస్ బటన్, పి కలిపి నొక్కండి, ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. అయినా మారలేదంటే మధ్యలో ఎక్కడో హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఉంది. తక్కువలో వచ్చిందని కొనుక్కొస్తారు. దాని పనే ఒక బొమ్మని రెండు చోట్ల చూపించడం. టీవీ షోరూముకి సరిపోతుంది, మీకు పనికిరాదు.

మ్యాక్‌బుక్ అయితే కథ వేరు. చాలా టైప్-సి డాక్‌లు రెండో మానిటర్‌ని ఎంఎస్‌టీ అనే, ఒకే వైరులో రెండు బొమ్మలు పంపే పద్ధతిలో నడిపిస్తాయి. విండోస్‌లో అది బాగానే పనిచేస్తుంది. మ్యాక్ మాత్రం ఆ పద్ధతిలో రెండో స్క్రీన్‌ని విడిగా ఇవ్వదు, రెండిట్లోనూ ఒకే బొమ్మ చూపిస్తుంది. దానికితోడు మామూలు ఎం1, ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లు బయటి మానిటర్ ఒక్కటే నడుపుతాయి. ఎం3 మూత మూస్తే రెండు, ఎం4 మూత తెరిచి ఉన్నా రెండు. పాత చిప్‌తో రెండు కావాలంటే డిస్‌ప్లేలింక్ లాంటి డాక్ కొనాలి. సెట్టింగుల్లో ఎంత వెతికినా లాభం లేదు.

ఒకటి వస్తే రెండోది రాదు, వచ్చినా ఆరిపోతుంది

మంచి మంచి వాళ్ళు కూడా బోల్తాపడేది ఇక్కడే. వైర్లు మారుస్తారు, డ్రైవర్లు తీసి మళ్ళీ వేస్తారు, చివరికి డాక్ వాపస్ ఇచ్చి అలాంటిదే ఇంకొకటి తెచ్చుకుంటారు. కొత్తదీ అదే పని చేస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. రెండు మానిటర్ల వైర్లూ డాక్ నుంచి తీసేయండి. మొదటిది పెట్టండి, వస్తుంది. రెండోది పెట్టండి, రాదు. ఇప్పుడు రెండూ తీసి వరస తిప్పండి. ఎప్పుడూ ఒకే మానిటర్ రాకపోతే తప్పు దాని వైరుదో, ఆ పోర్టుదో. అలా కాకుండా ఏది రెండోదిగా పెడితే అది రాకపోతుంటే, వైర్లన్నీ బాగున్నట్టే. చోటు చాలడం లేదు.

ఏ చోటు అంటే, ల్యాప్‌టాప్ నుంచి డాక్‌కి వెళ్ళే ఆ ఒక్క వైరులోది. టైప్-సి వైరులో వేగంగా డేటా మోసే దారులు నాలుగే. డాక్ మీద వేగమైన యూఎస్‌బీ 3 పోర్టులు ఉంటే సాధారణంగా రెండు దారులు వాటికే పోతాయి. వీడియోకి మిగిలేవి రెండు. డిస్‌ప్లేపోర్ట్ 1.2 వరకే వెళ్ళే ల్యాప్‌టాప్‌లో, అంటే ఇంటెల్ 8వ తరం లాంటి వాటిలో, ఆ రెండు దారుల మీద వెళ్ళేది సెకనుకు 8.64 గిగాబిట్లు. ల్యాప్‌టాప్ కొత్తదైనా చవక డాక్‌లో పాత చిప్ ఉంటే ఇదే లెక్క. 60 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చుకుంటూ నడిచే ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి 3.3 గిగాబిట్ల దాకా కావాలి. రెండు పెట్టినా హాయిగా సరిపోతాయి. పాత మానిటర్లతో ఇన్నాళ్ళూ ఇబ్బంది రాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు తక్కువ ధరలో దొరికే 24 అంగుళాల మానిటర్లు కూడా 100 హెర్ట్జ్‌తో వస్తున్నాయి. బిగించిన కుర్రాడో, మీరో, బాక్సు మీద ఉంది కదా అని సెట్టింగుల్లో 100 పెట్టేశారు. ఆ ఒక్క మానిటర్ 5.5 గిగాబిట్లు దాటి లాగేస్తుంది. కింద వాటా వాళ్ళు కుళాయి పూర్తిగా తిప్పితే పైవాటాకి నీళ్ళు ఎక్కనట్టు, రెండోదానికి మిగిలేది చాలదు. అది నల్లగానే ఉండొచ్చు, వచ్చి వచ్చి ఆరిపోవచ్చు, లేదా మసకమసకగా తక్కువ రెజల్యూషన్‌తో రావచ్చు. మొదటి మానిటర్ మాత్రం నున్నగా, చక్కగా కనపడుతుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. దొంగ మాత్రం అదే.

సరిచేయడానికి రెండో మానిటర్ వైరు తీసేసి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్ళి మొదటిదాన్ని 60 హెర్ట్జ్‌కి దించండి. అప్పుడు రెండోది పెట్టి దాన్నీ 60 చేయండి. ఒకటి 100, ఒకటి 60 ఉంచుదామని బేరాలొద్దు, కలిపితే 8.64 దాటిపోతుంది. ట్యాలీకి 100 హెర్ట్జ్ ఎందుకో నాకైతే అర్థం కాదు.

60కి దించడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది, నాకు నచ్చేదీ అదే. ల్యాప్‌టాప్‌కి సొంతంగా హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఒక మానిటర్‌ని నేరుగా అక్కడ పెట్టండి. డాక్ మీద ఒక్కటే మిగులుతుంది, గొడవ ఉండదు. బల్ల మీద ఒక వైరు ఎక్కువవుతుందని దీన్ని వద్దంటారు. ఆ వైరు ఖరీదు కొత్త డాక్ ధరలో ఏ మూలకి?

4కె మానిటర్ అయితే ఇదే లెక్క మరీ బిగుస్తుంది. 60 హెర్ట్జ్‌కి ఒక్కదానికే 12 గిగాబిట్ల పైన కావాలి. అందుకే చాలా డాక్‌ల బాక్సు మీద 4కె అని పెద్దక్షరాల్లో, 30 హెర్ట్జ్ అని చిన్నక్షరాల్లో ఉంటుంది. 30 మీద మౌస్ ఈడుస్తున్నట్టు కదులుతుంది. రెండు 4కె మానిటర్లు 60 మీద కావాలంటే థండర్‌బోల్ట్ 4 ల్యాప్‌టాప్, దానికి తగ్గ డాక్ ఉంటే నిశ్చింత.

మూడోది పెడితే రావడం లేదు

ఇంటెల్ 10వ తరం దాకా ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ మీద మొత్తం మూడు స్క్రీన్లే నడుస్తాయి, ల్యాప్‌టాప్ స్క్రీనుతో కలిపి. మూత మూసేస్తే మూడో మానిటర్‌కి చోటు దొరుకుతుంది. మూస్తే సిస్టమ్ నిద్రపోతోందా? పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ఏమీ చేయకుండా ఉండేలా పెట్టుకోండి.

మిగతావి

డాక్ ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, పాతదై ఉండొచ్చు, కంపెనీ సైట్లో ఉంటే వేయండి. నిద్ర లేచాక స్క్రీన్లు రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ మళ్ళీ మొదలవుతుంది. కుర్చీలోంచి లేచినప్పుడల్లా స్క్రీన్ ఒక్క క్షణం ఆరిపోతోందంటే నవ్వకండి, స్టాటిక్ వల్ల అలా జరుగుతుంది. మంచి షీల్డింగ్ ఉన్న వైరు వేస్తే తగ్గొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే డాక్‌ని ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి. అక్కడా రాకపోతేనే డాక్ పోయినట్టు. కొత్తది కొనడానికి విజయవాడ ఏలూరు రోడ్డుకి వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళండి. షాపులో రెండు మానిటర్లూ ఒకేసారి పెట్టించి, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రెండిటి హెర్ట్జ్ చూశాకే డబ్బులివ్వండి.