రొయ్యల చెరువు ఇంగ్లీషు మాటలు గుర్తుండాలంటే

ఫిషరీస్ పిల్లలకు మోల్టింగ్ (పెంకు విడవడం), శాలినిటీ (నీటి ఉప్పదనం), ఏరేషన్ (నీటికి గాలి పట్టించడం) లాంటి మాటలు సోమవారం చెప్తే శుక్రవారానికి మాయం. వాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆంకీడ్రాయిడ్ వేయించండి, కార్డులు చూపిస్తూ మాటలు గుర్తుచేసే యాప్ ఇది, ఉచితమే. కార్డుకు ముందువైపు ముత్తుకూరు చెరువు గట్టున తీసిన ఫోటో, వెనక ఇంగ్లీషు మాట, మీ గొంతుతో ఉచ్చారణ. తెలుగు అర్థం రాయకపోయినా ఫర్వాలేదు, పెంకు విడిచిన రొయ్యను చూస్తే వాళ్లకే తెలుస్తుంది. కొత్త కార్డులు రోజుకు 20 అని ముందే పెట్టి ఉంటుంది, 5కు తగ్గించండి. గుర్తొచ్చిన మాటను యాప్ ఎడం పెంచుకుంటూ అడుగుతుంది, మర్చిపోయినదాన్ని వెంటనే మళ్లీ చూపిస్తుంది. బస్సులో పది నిమిషాలు చాలు, నెట్ అక్కర్లేదు.

ఒక్కటే చూసుకోవాలి: వారం వదిలేస్తే పాత కార్డులన్నీ కుప్పపడి పిల్లలు యాప్ తెరవడమే మానేస్తారు. అప్పుడు కొత్తవి సున్నా చేసి, పాతవి పూర్తయ్యాకే మళ్లీ మొదలుపెట్టించండి.